చుట్టకు తోడు

మూడు గంటల వాన వెలిశాక
ఎస్తెలీలో, ఫ్యాక్టరీ వెనక వరండాలో
ఎదువీహెస్ నా ముందు నాలుగు గ్లాసులు పెట్టింది.
ముప్పై ఏళ్ళుగా చుట్టలు చుడుతున్న వేళ్ళు,
ఎంత తోమినా గోళ్ళ అంచున పోని గోధుమరంగు.
"రేపట్నుంచి అతిథులకు పోసేది నువ్వేగా.
ఉప్పు చూడని వంటవాడిలా నిలబడితే ఎట్లా?"

మొదటిది పాలకాఫీ.
దానికి పరదా నీడలో పెరిగిన ఆకు చుట్టిన లేతరంగు చుట్ట.
"లేతదానికి లేతదే.
గొంతు పెద్దవాడి పక్కన
మెల్లగా మాట్లాడేవాణ్ణి కూర్చోబెట్టకు,
పాపం, వాడు ఉన్నట్టే తెలీదు."

లోపలికి పీల్చబోయాను.
మణికట్టు మీద ఒక్కటి వేసింది.
"ఊపిరితిత్తులకు పనిలేదిక్కడ, నాలుకతో విను.
నోట్లో నింపు, తిప్పు, వదిలెయ్.
నిమిషానికొక్కసారి చాలు,
తరిమితే చుట్టకు ఒళ్ళు కాలి చేదు మాట్లాడుతుంది.
నుసి దులపకు.
దిగాలనుకున్నప్పుడు అదే దిగుతుంది."

రెండోది వట్టి సోడా.
ఇదెందుకన్నాను.
"పలక తుడవడానికి."

మూడోది రమ్ము, పన్నెండేళ్ళు పీపాలో నిద్రపోయింది.
దాని పక్కన నల్లటి చుట్ట,
మొక్క నెత్తిన కూర్చుని ఎండంతా తాగిన ఆకు దాని కడుపులో.
"ఇవాళ దీని జోలికి పోకు" అని
పెట్టెల లెక్క చూడ్డానికి లోపలికి వెళ్ళింది.

వద్దంటే ఆగే వయసా!
పొద్దున తిన్నది ఒకే ఒక్క మొక్కజొన్న రొట్టె.
అంటించాను.
ముందు పాకం, ముదురు పాకం.
తర్వాత మిరియం.
తర్వాత వానకు తడిసిన జీను, మా తాత కంచరగాడిద వీపు.
ఒక దమ్ము, ఒక గుక్క.
అవి రెండూ ఎప్పటి స్నేహితులో,
నా నోట్లోనే కలుసుకుని
నన్ను బయటికి గెంటేశాయి.
వరండా స్తంభాలు ఒకదాని వెనక ఒకటి
నడవడం మొదలుపెట్టాయి.
వీపంతా చల్లటి చెమట.
ఆకు ఆరబెట్టే కొట్టం గోడ పట్టుకున్నాను.
రమ్ము, సోడా, కాఫీ, రొట్టె
ఎక్కిన వరసకు ఎదురు వరసలో దిగిపోయాయి.

ఎదువీహెస్ తిట్టలేదు.
నాలుక కింద చక్కెర బిళ్ళ పెట్టింది.
"కరగనీ. మాట్లాడకు."
రేకు చూరు నుంచి ఆఖరి చుక్కలు
లెక్కపెట్టుకుంటూ పడుతున్నాయి.
కాసేపటికి, పైపన్ను లేని చోటు కనబడేలా నవ్వింది.
"నాదీ ఈ గోడే.
అప్పటికింకా సున్నం వెయ్యలేదు."

నాలుగో గ్లాసు మిగిలే ఉంది.
వేయించిన మొక్కజొన్న, కోకో, చిటికెడు దాల్చినచెక్క,
అడుగున పేరుకున్న రవ్వ: పినొలీయో.
"ఇది దేనికి?"
"ఇది అతిథులకు కాదులే."
ఏప్రన్ జేబులోంచి ఒక వంకర చుట్ట తీసింది,
పొట్ట ఉబ్బి, తలకట్టు జారి,
పెట్టెకెక్కే అర్హత లేనిది,
కొత్తగా చేరిన మైరెలీ నిన్న చుట్టింది.
"రోజుకు మూడొందలు చుడతాను.
ఏ ఊళ్ళో ఎవరు ఏం పోసుకుని కాలుస్తారో
వచ్చినవాళ్ళు చెప్పగా విన్నదే నీకు చెప్పాను.
నా నోటికి తెలిసింది మాత్రం
ఆఖరి గంట కొట్టాక, ఇదిగో, ఈ గ్లాసూ, ఈ వంకరదీ."
వెలిగించింది. తాగింది.
పైపెదవి మీద పిండి మీసం.
నావైపు చాచింది.
గ్లాసు పుచ్చుకుని చుట్ట వద్దన్నాను.

మర్నాడు మొదటి అతిథి వచ్చాడు,
ఎర్రటి మెడ, కొత్త టోపీ, చేతిలో తన సొంత కత్తెర.
రాత్రంతా బట్టీపట్టిన వాక్యాలు వరసగా నిలబడే ఉన్నాయి,
పీపా వయసు, ఆకు పేరు, లోయ పేరు.
నా నోట వచ్చింది మాత్రం,
"అయ్యా, భోంచేశారా?"